లారీ ఇంజను మాటిమాటికీ వేడెక్కుతోందా? ఏ పరీక్ష ఇంట్లో చేసుకోవాలి, దేనికి షెడ్డుకు పంపాలి

వేడెక్కే లారీకి మన దగ్గర జరిగే వైద్యానికి ఒక వరుస ఉంది. మొదట రేడియేటర్ మూత మారుస్తారు. తగ్గకపోతే, నీళ్లు వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే థర్మోస్టాట్ పీకి పక్కన పడేస్తారు. ఆ తర్వాత రేడియేటర్ విప్పి కడిగిస్తారు, వాటర్ పంపు మారుస్తారు, ఆఖరికి ఇంజను పై భాగమైన హెడ్డు దించుతారు. గమనిస్తే ఇది సామాను ధరల వరుస. చవకైనది ముందు, ఖరీదైనది తర్వాత. జబ్బు లక్షణాలతో దీనికి ఏ సంబంధమూ లేదు. నాలుగు సామాన్లు మార్చాక ఐదోదానితో బండి కుదుటపడితే, మొదటి నాలుగింటి ఖర్చునూ ఆగిపోయిన బాడుగలనూ ఎవరి ఖాతాలో రాసుకోవాలి?

అందుకే సామాను కంటే ముందు పరీక్షను ఎంచుకోవాలి. ఇంటి ముందు బండి ఆపుకొని ఉత్త చేతులతో చేయగలిగేవి కొన్ని ఉన్నాయి. చిన్న పనిముట్లు కొనుక్కుంటే చేయగలిగేవి మరికొన్ని. రేడియేటర్ షాపుకో, కంపెనీ సర్వీసు సెంటరుకో పోక తప్పనివి ఇంకొన్ని. ఏ బండికి, ఏ యజమానికి ఏది ముందు అన్నది చూద్దాం.

## మన ఎండ, మన నీళ్లు, మన దుమ్ము

కర్నూలు, అనంతపురం, కడపలలో ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీల ఎండ ఎవరికీ వార్త కాదు. రేడియేటర్ ఎంత వేడిని బయటికి నెట్టగలదన్నది లోపలి నీటికీ బయటి గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. లోపల 95 డిగ్రీలు, బయట 30 ఉంటే తేడా 65. బయట 45 అయితే తేడా 50కి పడిపోతుంది. అదే రేడియేటర్, అదే ఫ్యాను, కానీ చల్లబరిచే శక్తిలో దాదాపు నాలుగో వంతు పోయింది. డిసెంబరులో దాగి ఉన్న లోపం మే నెలలో ఘాటు మీద బయటపడటానికి కారణం ఇదే. 'ఎండలు అలా ఉన్నాయి మరి' అని సర్దుకోవద్దు. బాగున్న లారీ మే నెలలో కూడా లోడుతో నడవాలి. నడవడం లేదంటే దానిలో ఉండాల్సిన మిగులు శక్తి ఎక్కడో హరించుకుపోయింది.

ఎక్కడ పోయిందో వెతికేటప్పుడు ఈ ప్రాంతంలో రెండు అనుమానాలను ముందు వరుసలో నిలబెట్టాలి. ఒకటి బోరు నీళ్లు. సున్నపురాయి నేల నుంచి వచ్చే నీళ్లను రేడియేటర్‌లో పోస్తూ పోతే, నీళ్లు కాచే పాత్ర అడుగున పేరుకునే తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాల లోపలా, సిలిండర్ల చుట్టూ పేరుకుంటుంది. రెండోది దుమ్ము. బేతంచెర్ల, తాడిపత్రి బండల పొడి, ఎర్రగుంట్ల సిమెంటు ధూళి, ఆదోని మార్కెట్టుకు తిరిగే బళ్లకు పత్తి పోగులు. ఏ సరుకు తోలే బండికి ఆ సరుకే రేడియేటర్‌లో కనిపిస్తుంది.

## పోల్చడానికి ఏ కొలతలు

ప్రతి పద్ధతినీ ఐదు ప్రశ్నలు అడగండి. ఖర్చెంత? బండి ఎంతసేపు ఆగాలి? అది ఏ సంగతిని నిక్కచ్చిగా తేలుస్తుంది? చేసేవాడికి ప్రమాదం ఉందా? ఐదో ప్రశ్నను చాలామంది మరిచిపోతారు: ఈ పరీక్ష తర్వాతి పరీక్షకు కావాల్సిన ఆధారాన్ని చెరిపేస్తుందా? నీళ్లు ఎందుకు తగ్గుతున్నాయో చూడకముందే లీకులు ఆపే మందు పోశారనుకోండి, ఆ తర్వాత చేసే ప్రెషర్ పరీక్ష చెప్పేది నమ్మలేం. దారిలో లీకు ఆగడానికి పసుపు పోయడమూ అంతే. ఆ పూట ఊరు చేరడానికి పనికి రావచ్చు గానీ, అది సన్నటి గొట్టాల్లో చేరి కొత్త జబ్బు తెస్తుంది, పాత జబ్బును దాచేస్తుంది.

అన్నిటికన్నా ముందు డబ్బు ఖర్చు లేని పని ఒకటి చేయాలి. బండి ఎప్పుడు వేడెక్కుతోందో డ్రైవరును అడిగి రాసుకోవాలి. సగం దారి ఇక్కడే తెగుతుంది.

| వేడెక్కే తీరు | ముందుగా అనుమానించాల్సింది | మొదలుపెట్టాల్సిన చోటు |
|---|---|---|
| నిలబడినప్పుడు, ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు పెరుగుతుంది, రోడ్డెక్కి వేగం అందుకుంటే దిగుతుంది | ఫ్యాను, ఫ్యాను క్లచ్చి, బెల్టు, ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు | కళ్లు, చేతులు |
| లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే పెరుగుతుంది | రేడియేటర్ బయట దుమ్ము, లోపల సున్నపు పొర | టార్చిలైటు, తర్వాత వేడి కొలిచే గన్ను |
| స్టార్టు చేసిన కొద్దిసేపటికే, ఖాళీ బండి అయినా | నీళ్లు తక్కువ, థర్మోస్టాట్ తెరుచుకోకపోవడం, హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ ఇంజను బ్లాకుకూ మధ్య ఉండే పలక) | నీటి మట్టం, ఆ తర్వాత థర్మోస్టాట్ |
| నీళ్లు తగ్గుతాయి, కింద చుక్క కనిపించదు | మూత, హెడ్ గ్యాస్కెట్, ఈజీఆర్ కూలర్ (మళ్లీ ఇంజనులోకి పంపే పొగను చల్లబరిచేది) | ప్రెషర్ పరీక్ష |
| ముల్లు ఉన్నట్టుండి ఎగిరి, అంతలోనే పడిపోతుంది | సెన్సరు, వైరు, నీళ్లలో గాలి బుడగ | వేడి కొలిచే గన్ను |
| బండి బరువుగా లాగుతుంది, ఒక చక్రం డ్రమ్ము విపరీతంగా కాలుతుంది | బ్రేకు పట్టేయడం | చక్రాల దగ్గర |

రెండో వరుసకు మన దగ్గర మంచి పరీక్షా స్థలం ఉంది. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు ముల్లు లేచి, కర్నూలు-అనంతపురం రహదారి మీద అదే లోడుతో మామూలుగా ఉంటే ఫ్యానును తిట్టుకోవాల్సిన పని దాదాపు లేదు. రేడియేటర్ వైపు చూడండి. ఆగి పాలకోవా తినేటప్పుడు మాత్రం ఇంజనును వెంటనే ఆపేయకుండా రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో తిరగనివ్వండి. లోడు దిగిన ఇంజనుకు, టర్బోకు ఆ కాస్త సమయం కావాలి.

ఇక జాగ్రత్త. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. పై హోసు పైపు చేత్తో నొక్కితే మెత్తగా ఉండి, చెయ్యి కాలనంత చల్లబడ్డాకే తీయాలి. మరిగిన ఇంజనులో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగిలే ప్రమాదం ఉంది. తిరుగుతున్న ఫ్యాను దగ్గరికి చెయ్యి, తువ్వాలు, కాగితం ఏదీ పోకూడదు. చుట్టిన కాగితాన్ని ఫ్యానుకు అడ్డం పెట్టి బలం చూసేవాళ్లు ఉన్నారు. ఆ విద్య మనకు వద్దు.

## మొదటి దారి: కళ్లు, చేతులు, ఒక టార్చి

తెల్లవారుజామున, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. మూత తీసి నీటి మట్టం, రంగు చూడండి. ఇటుక రంగు నీళ్లంటే తుప్పు. పైన నూనె తెట్టు ఉంటే ఆయిల్ కూలరో, హెడ్ గ్యాస్కెటో. ఆయిల్ పుల్ల తీస్తే నూనె తెల్లగా చిక్కబడి ఉందా? ఉంటే పరీక్షలు ఆపేసి, ఇంజను మళ్లీ స్టార్టు చేయకుండా మెకానిక్‌ను పిలవండి. నీళ్లు కలిసిన నూనెతో తిప్పితే బేరింగులు పోతాయి.

ఆ తర్వాత రేడియేటర్ బయటి ముఖం. ఇక్కడ కాస్త ఓపిక కావాలి. ముందు జాలీలోంచి చూస్తే కనిపించేది టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, ఏసీ ఉన్న బండి అయితే ఏసీ కండెన్సర్. రేడియేటర్ వాటి వెనకాల ఉంటుంది. ముందు నుంచి శుభ్రంగా కనిపించే బండిలో కూడా ఇంటర్‌కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉన్న సందులో చెత్త పేరుకుని ఉండవచ్చు. పత్తి తోలిన బండిలో ఆ సందును చూస్తే తెలుస్తుంది: పోగులు ఒకదానికొకటి పెనవేసుకొని, డీజిల్ పొగ మసి పట్టి, నల్లటి కంబళి ముక్కలా రేడియేటర్‌కు అతుక్కుని ఉంటాయి. చేత్తో ఒక అంచు పట్టి లాగితే పొరలా లేచి వస్తుంది. ఒక మనిషిని ఫ్యాను వైపు టార్చి పట్టుకోమని, మీరు ముందు నుంచి పైనుంచి కిందికి వరుసగా చూడండి. వెలుతురు రాని చోట గాలీ పోదు.

శుభ్రం చేయడంలో దిశ ముఖ్యం. చెత్త ముందు నుంచి లోపలికి వచ్చింది కాబట్టి, ఫ్యాను వైపు నుంచి బయటికి ఊదాలి, నీళ్లూ అటు నుంచే కొట్టాలి. వాషింగ్ షెడ్డు పంపు ధారను దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. వంగిన రేకు ఇక గాలిని రానివ్వదు. వీలైన బళ్లలో ఇంటర్‌కూలర్ బోల్టులు వదులు చేసి ముందుకు జరిపి మధ్య సందును కడగడం మేలు. పనిలో పనిగా ముందు జాలీకి కట్టిన బోర్డులు, అదనపు లైట్లు, రంగురంగుల అలంకారం ఎంత గాలిని ఆపుతున్నాయో కూడా చూసుకోండి. అందం అందమే, కానీ మే నెలలో దానికి బాడుగ మీరు కట్టాలి.

ఫ్యాను దగ్గర రెండు పనులు. బెల్టును రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే ఎక్కువ దిగినా, లోపలి అంచు అద్దంలా మెరుస్తున్నా జారుతున్నట్టే. కొత్త బళ్లలో తనంతట తాను బిగుసుకునే టెన్షనర్ ఉంటుంది కాబట్టి అక్కడ బెల్టు పగుళ్లనూ టెన్షనర్ ఊగడాన్నీ చూడాలి. విస్కస్ ఫ్యాను (చిక్కటి ద్రవం ఉన్న క్లచ్చితో తిరిగేది) అయితే బాగా వేడెక్కిన బండిని ఆపి, తాళం చెవి జేబులో వేసుకొని ఫ్యానును చేత్తో తిప్పండి. చిక్కటి ద్రవంలో తిప్పినట్టు బిగువుగా తిరగాలి. తోసి వదిలేస్తే గిరగిరా తిరుగుతూ పోతే క్లచ్చి పని అయిపోయింది. దాని మధ్య భాగం చుట్టూ నూనె చారలు, వాటి మీద దుమ్ము పేరుకుని ఉండటమూ అదే సంగతి చెబుతుంది. ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు విరిగి ఉంటే ఫ్యాను లాగిన వేడి గాలినే మళ్లీ మళ్లీ లాగుతుంది. మెకానిక్‌కు అడ్డం వస్తోందని ఆ తొడుగును తీసేసిన బళ్లు రోడ్డు మీద ఎన్నో.

హోసు పైపులు చాలా చెబుతాయి. ఇంజను రేజింగు పెంచినప్పుడు కింది పైపు చదునుగా అణిగిపోతే లోపలి స్ప్రింగు పోయిందనో, రేడియేటర్ మూసుకుపోయిందనో అర్థం. చల్లబడ్డాక పై పైపు అణిగి ఉంటే మూతలోని చిన్న వాల్వు పనిచేయడం లేదు. వాటర్ పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దాని కింద ఎండిన చార కనిపిస్తే పంపు సీలు కారుతోంది.

ఈ దారికి ఖర్చు లేదు, ఒక ఉదయం చాలు. గాలికి సంబంధించిన లోపాలను దాదాపు అన్నిటినీ పట్టిస్తుంది. గొట్టాల లోపలి సున్నాన్నీ, గ్యాస్కెట్ లీకునూ చూపలేదు.

## రెండో దారి: విప్పి, గిన్నెలో కాచి చూడటం

ఇది ఒక్క థర్మోస్టాట్ కోసమే. దాని మీద తెరుచుకునే వేడి ముద్రించి ఉంటుంది. లారీల్లో సాధారణంగా 80 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. వంటకు వాడని పాత గిన్నె తీసుకోండి. థర్మోస్టాట్ వాల్వు సందులో సన్నటి దారం ఇరికించి, దారంతో నీళ్లలో వేలాడదీయండి. అది గిన్నె అడుగును తాకకూడదు. నీళ్లు కాగుతూ ఉంటే ఒక దశలో వాల్వు తెరుచుకొని దారం వదులై, థర్మోస్టాట్ జారి కిందపడుతుంది. ఆ క్షణాన వేడి ఎంతో థర్మామీటరుతో చూసుకోవచ్చు. థర్మామీటరు లేకపోయినా పరవాలేదు. మన ఊళ్లలో నీళ్లు 99 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అప్పటికి మంచి థర్మోస్టాట్ దాదాపు పూర్తిగా తెరుచుకుని ఉండాలి. మరిగే నీళ్లలో కూడా కొద్దిగానే తెరుచుకుంటే దాన్ని మార్చేయండి.

మరి థర్మోస్టాట్‌ను అసలు పీకేస్తే? మన మెకానిక్‌లకు ఇది చాలా ఇష్టమైన చిట్కా. చాలా లారీ ఇంజన్లలో థర్మోస్టాట్‌కు రెండు పనులుంటాయి. వేడెక్కినప్పుడు రేడియేటర్ దారి తెరవడం ఒకటి. అదే సమయంలో, నీళ్లు ఇంజనులోనే తిరిగే అడ్డదారిని మూయడం రెండోది. దాన్ని తీసేస్తే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజనులోకి పోతుంది. అంటే చల్లబడాలని తీసిన సామానే ఘాటు మీద వేడి పెంచుతుంది. చలి ఉదయాల్లో ఇంజను చల్లగా నడిచి డీజిల్ ఎక్కువ తాగడం, సిలిండర్ల లోపలి లైనర్లు త్వరగా అరగడం దీనికి అదనం. పరీక్ష కోసం తీయండి, పరీక్షయ్యాక కొత్తదో పాతదో పెట్టండి. ఖాళీగా వదలొద్దు.

థర్మోస్టాట్ విప్పేటప్పుడు కొంత కూలెంట్ దింపాల్సి వస్తుంది. దాన్ని టబ్బులో పట్టి మూత పెట్టండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, గొడ్లు నాకితే చచ్చిపోతాయి. ఇంటి ముందు మట్టిలో పారబోయకూడదు.

## మూడో దారి: మూడు చిన్న పనిముట్లు

వేడి కొలిచే గన్ను. ముందుగా, డ్యాష్‌బోర్డు ముల్లు నిజం చెబుతోందో లేదో తేలుస్తుంది. థర్మోస్టాట్ గూడు దగ్గర కొలిచిన వేడికీ ముల్లు చూపేదానికీ పొంతన లేకపోతే సెన్సరునో, వైరునో అనుమానించాలి. మెరిసే లోహం మీద ఇది తప్పు చెబుతుంది కాబట్టి నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి. రెండో ఉపయోగం రేడియేటర్. ఇంజనును వేడి మీద ఆపిన వెంటనే ఫ్యాను వైపు నుంచి రేడియేటర్ ముఖమంతా గడులు గడులుగా కొలవండి. చుట్టూ వేడిగా ఉండి మధ్యలో ఒక పట్టీ చల్లగా ఉంటే ఆ గొట్టాల్లోకి నీళ్లు పోవడం లేదు, సున్నం మూసేసింది. పై పైపు బాగా వేడిగా, కింది పైపు దాదాపు చల్లగా ఉన్నా నీళ్లు తిరగడం లేదనే అర్థం.

ప్రెషర్ టెస్టర్. రేడియేటర్ నోటికి బిగించి చేత్తో గాలి కొట్టే పంపు, దానికొక గేజి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మూత మీద రాసి ఉన్నంత వరకే కొట్టి, పది పదిహేను నిమిషాలు ఆగాలి. ముల్లు దిగితే ఎక్కడో లీకు. బయట తడి కనిపించకపోతే లోపలే పోతోంది. ప్రెషర్ ఎందుకంత ముఖ్యమంటే, ఒక్కో పీఎస్ఐ (ఒత్తిడి కొలిచే ప్రమాణం) పెరిగేకొద్దీ నీళ్లు మరిగే వేడి దాదాపు ఒకటిన్నర డిగ్రీ పైకి జరుగుతుంది. 15 పీఎస్ఐ మూత బాగుంటే మరిగే స్థాయి 20 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. మూత వదులైతే అదంతా పోయినట్టే. మూతను కూడా ఇదే పంపుతో పరీక్షించే అమరిక ఉన్న సెట్టు కొనండి. మూతను ముందు మార్చడంలో తప్పు లేదు, కానీ అదే లోపమని తెలిసి మార్చడం వేరు.

గ్యాస్ పరీక్ష ద్రవం. హెడ్ గ్యాస్కెట్ కాలి పొగ నీళ్లలోకి వస్తోందా అని చూడటానికి. నీలిరంగు ద్రవం ఉన్న గొట్టాన్ని రేడియేటర్ నోటి మీద పెట్టి, పైనుంచి గాలి లాగాలి. కార్బన్ డయాక్సైడ్ తగిలితే రంగు మారుతుంది. పెట్రోలు ఇంజనులో పసుపుకు తిరుగుతుంది, డీజిల్ ఇంజనులో ఆకుపచ్చకు. ఐడిల్‌లో డీజిల్ ఇంజను చాలా గాలి పీల్చి కొంచెమే మండిస్తుంది కాబట్టి రంగు మారకపోతే గ్యాస్కెట్ బాగుందని ప్రమాణం చేయలేం. మారితే మాత్రం నమ్మవచ్చు.

లారీ యజమానులకు ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. రేడియేటర్‌లో బుడగలు కనిపించగానే హెడ్డు దించడానికి ఒప్పుకోవద్దు. లారీలో బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఉంటుంది, చాలా బళ్లలో దాని హెడ్డును చల్లబరిచేది ఇంజను నీళ్లే. కంప్రెసర్ హెడ్డు గ్యాస్కెట్ పోతే అది కొట్టే గాలి నేరుగా నీళ్లలోకి వస్తుంది. బుడగలు అవే, పొంగడమూ అదే. తేడా ఎలా పట్టాలి? గాలి ట్యాంకులు ఖాళీ చేసి ఇంజను స్టార్టు చేయండి. గాలి నిండుతున్నంతసేపు బుడగలు ఎక్కువగా వచ్చి, ట్యాంకులు నిండి, గాలి ఒత్తిడిని అదుపు చేసే గవర్నరు గాలి వదిలాక తగ్గిపోతే అనుమానం కంప్రెసర్ మీదికి పోతుంది. అప్పుడు పరీక్ష ద్రవం రంగు కూడా మారదు, ఎందుకంటే అది పొగ కాదు, ఉత్త గాలి. కంప్రెసర్ పనికీ ఇంజను హెడ్డు పనికీ ఖర్చులో ఎంత తేడా ఉంటుందో లారీ నడిపేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈ బుడగల పరీక్షను చల్లటి ఇంజనుతోనే మొదలుపెట్టాలి, నీళ్లు వేడెక్కకముందే మూత బిగించేయాలి.

మూడింటిలో ఒక్కటే కొనగలిగితే నా ఓటు ప్రెషర్ టెస్టర్‌కు. గన్ను చూడటానికి సరదాగా ఉంటుంది, చవక కూడా, కానీ నీళ్లు తగ్గే బళ్లే ఎక్కువ.

## నాలుగో దారి: రేడియేటర్ షాపు

టార్చి వెలుతురు బాగానే వస్తోంది, అయినా ఘాటు మీద వేడెక్కుతోంది, గన్నుతో చూస్తే చల్లటి పట్టీలు కనిపించాయి. అప్పుడే ఇక్కడికి వెళ్లాలి. రాగి-ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకు విప్పి గొట్టాల్లో సన్నటి రేకులు దూర్చి సున్నం గీకి తీస్తారు. అల్యూమినియం కోరుకు (గొట్టాలు, రేకులు ఉండే మధ్య భాగం) ప్లాస్టిక్ ట్యాంకు నొక్కి బిగించినదైతే ఆ పని అంతగా కుదరదు, కోరు మార్చడమే మేలు. యాసిడ్‌తో కడుగుతామంటే అల్యూమినియానికి ఒప్పుకోవద్దు, గొట్టాలనే తినేస్తుంది. బయటికి వచ్చిన రేడియేటర్‌లో మళ్లీ బోరు నీళ్లే పోస్తే ఖర్చంతా వృథా. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపే పోయాలి. లైనర్ల చుట్టూ నీళ్లు తిరిగే డీజిల్ ఇంజన్లలో ఉత్త నీళ్లు పోస్తే లైనర్ బయటి వైపు సన్నటి గుంటలు పడతాయి, దాన్ని ఆపే మందు కూలెంట్‌లోనే ఉంటుంది.

## ఐదో దారి: సర్వీసు సెంటరు, స్కానర్

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య నియమాల) బళ్లలో ఇది ఐచ్ఛికం కాదు. ఇంజను వేడెక్కితే కంప్యూటర్ తనే శక్తిని తగ్గించేస్తుంది, డ్రైవరుకు బండి 'లాగడం లేదు' అనిపిస్తుంది. స్కానర్ చూపించే లోపం కోడ్ ఎస్‌పీఎన్ 110 అయితే కూలెంట్ వేడికి సంబంధించినది, 111 అయితే కూలెంట్ మట్టానికి. కోడ్ లోపం ఏ వైపు ఉందో చూపిస్తుంది, ఏ సామానుదో చెప్పదు. దాన్ని చూడగానే సెన్సరు మార్చేయడం పాత థర్మోస్టాట్ చిట్కాకు కొత్త రూపం. ఈజీఆర్ కూలర్ లోపల లీకైతే నీళ్లు తగ్గుతాయి, తెల్ల పొగ వస్తుంది, కింద చుక్క పడదు. దాన్ని ఇంట్లో నిర్ధారించడం కష్టం. వారంటీలో ఉన్న బండికైతే మొదటి దారి తర్వాత నేరుగా ఐదో దారే. మీరు విప్పిన బోల్టు రేపు వాళ్లకు సాకు కావచ్చు.

2025 అక్టోబరు 1 తర్వాత తయారైన లారీల్లో డ్రైవరు క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయ్యింది. వాటిలో కండెన్సర్ వేడి కూడా రేడియేటర్ మీద పడుతుంది, గాలి దారి ఇంకాస్త ఇరుకవుతుంది. ఏసీ ఆపితే ముల్లు దిగుతోందా అన్నది ఆ బళ్లకు సులువైన మొదటి పరీక్ష.

| దారి | ఖర్చు | బండి ఆగేది | నిక్కచ్చిగా తేల్చేది | తేల్చలేనిది |
|---|---|---|---|---|
| కళ్లు, చేతులు | లేదు | ఒక ఉదయం | గాలి, బెల్టు, ఫ్యాను, బయటి లీకులు | లోపలి సున్నం, గ్యాస్కెట్ |
| గిన్నె పరీక్ష | గ్యాస్కెట్, కొంత కూలెంట్ | పూట | థర్మోస్టాట్ | మిగతావన్నీ |
| చిన్న పనిముట్లు | ఒకసారి కొంటే చాలు | పూట | లీకు, మూత, ముల్లు నిజం, పొగ | గ్యాస్కెట్ బాగుందన్న హామీ |
| రేడియేటర్ షాపు | మధ్యస్థం నుంచి ఎక్కువ | ఒకటి రెండు రోజులు | లోపలి మూసుకుపోవడం | ఇంజను లోపలి లోపాలు |
| సర్వీసు సెంటరు | ఎక్కువ | వాళ్ల వరుసను బట్టి | కోడ్‌లు, ఈజీఆర్, హెడ్డు | దుమ్ము లాంటి చిన్నవాటిని దాటేసే అవకాశం |

## మీ పరిస్థితి ఏది?

పాత బండి, యజమానే డ్రైవరు. మొదటి దారి, గిన్నె పరీక్ష, ఆపై ప్రెషర్ టెస్టర్. ఈ బళ్లలో విప్పడం సులువు, సామాను చవక. మీ చేతి కొలతలే మీకు స్కానర్. రేడియేటర్ రాగిదైతే, కోరు మార్చమన్నా ముందు గీకించి చూడండి.

కంతులు నడుస్తున్న కొత్త బండి. ఇక్కడ బండి ఆగడమే అసలు ఖర్చు, పరీక్షది కాదు. ఇంటి దగ్గర దుమ్ము, నీటి మట్టం, బెల్టు చూడటం వరకే. మిగతాది సర్వీసు సెంటరుకు వదిలేయండి. వాళ్ల దగ్గరికి పోయేముందు రేడియేటర్ సందు ఫోటోలు తీసి పెట్టుకోండి. శుభ్రం చేసిన బండినే ఇచ్చారన్న ఆధారం అవుతుంది.

నాలుగైదు బళ్లున్నవారు. పనిముట్లు మూడూ కొనేయండి. ఒక బండికి ఖరీదు అనిపించేది అన్ని బళ్ల మీద పంచుకుంటే ఏమీ కాదు. పైగా ఒకే రకం బళ్లు రెండున్నప్పుడు మీకు ఎవరికీ లేని సౌకర్యం ఉంది: బాగున్న బండిని కొలిచి, జబ్బు బండి కొలతతో పక్కపక్కన పెట్టడం. అదే రోడ్డు, అదే ఎండ, అదే లోడు. ఏ పుస్తకంలోని అంకె కంటే ఆ తేడా ఎక్కువ చెబుతుంది.

జీతానికి నడిపే డ్రైవరు. విప్పే అధికారం మీకు లేదు, కానీ తప్పు మీ మీదే పడుతుంది. వేడెక్కిన ప్రతిసారీ చోటు, సమయం, లోడు, ఏసీ వేసి ఉందో లేదో, ఎన్ని లీటర్ల నీళ్లు పోశారో రాసి, ముల్లు ఫోటోతో సహా యజమానికి వాట్సాప్‌లో పంపండి. 'బండి హీటవుతోందన్నా' అని ఫోనులో చెప్పిన మాట సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. ముల్లు ఎర్ర గీత దాటితే లోడు ఎవరిదైనా సరే బండిని పక్కకు తీయండి. యజమాని ఫోనులో 'నెమ్మదిగా వచ్చేయ్' అన్నా సరే, వంగిన హెడ్డును సరిచేయించే ఖర్చు ఆ ట్రిప్పు బాడుగలో రాదు.